పప్పులో గడ్డి మందు: వెలిగే నానో కణం ఎంతవరకు పట్టిస్తుంది?

మనం తినే మసూర్ పప్పులో, అంటే చాలా ఇళ్లలో ఎర్ర కందిపప్పు అని పిలుచుకునే దానిలో, కొంత భాగం ఓడల మీద వస్తుంది. దిగుమతి అయ్యేదాంట్లో ఎక్కువ వాటా కెనడా, ఆస్ట్రేలియాలదే. కెనడాలో చలి ముంచుకొచ్చేలోపు పంట కోయాలి. కోతకు కొద్ది రోజుల ముందు చేనులో మిగిలిన కలుపు చావడానికి, చేనంతా ఒకేసారి ఎండడానికి గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టే అలవాటు అక్కడ ఉంది. విత్తనం వేసే ముందు కొట్టిన మందు వేరు, గింజ పట్టిన చేను మీద కొట్టిన మందు వేరు. రెండో దాని జాడ గింజలో మిగిలే అవకాశం చాలా ఎక్కువ.

2018 అక్టోబరులో మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దిగుమతి పప్పుల్లో గ్లైఫోసేట్‌ను పరీక్షించమని అధికారులకు చెప్పింది. పప్పులకు అప్పటికి మన దేశంలో విడిగా పరిమితి లేదు కాబట్టి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలనే చూడమంది. కోడెక్స్ లెక్కలో మసూర్‌కు కిలోకు 5 మిల్లీగ్రాములు, ఎండు బఠానీకి 5, ఎండు బీన్స్‌కు 2. మన చట్టంలో ఒక పంటకు ఒక మందుకు పరిమితి రాసి లేకపోతే మామూలుగా వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఈ రెండు అంకెల మధ్య తేడా 500 రెట్లు. 5 మిల్లీగ్రాములంటే 200 కిలోల పప్పులో ఒక గ్రాము మందు. 0.01 అంటే లక్ష కిలోల్లో, అంటే పది లారీల సరుకులో ఒక గ్రాము. పరీక్ష ఏదైనా సరే, పనికొస్తుందో లేదో తేల్చేది ముందుగా ఈ అంకెలే.

గ్లైఫోసేట్‌ను పట్టుకోవడం కష్టమని ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. కూరగాయల్లో పురుగుమందులు వెతకడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి క్వెచర్స్. 2003లో వచ్చిన ఈ పద్ధతిలో నూరిన నమూనాను అసిటోనైట్రైల్ అనే ద్రావకంతో కుదిపి, ఉప్పు వేసి, నీళ్లను వేరుచేస్తారు. మందులు ద్రావకంలోకి వస్తాయి. వందల మందులు ఒకే దెబ్బకు దొరుకుతాయి. గ్లైఫోసేట్ మాత్రం రాదు. దానికి నీళ్లంటేనే ప్రాణం, నీళ్లలోనే ఉండిపోతుంది. అంటే ‘200 మందులకు పరీక్ష చేశాం, ఏమీ లేవు’ అని చెప్పే నివేదికలో గ్లైఫోసేట్ పేరే లేకపోవచ్చు. పారాక్వాట్ అనే మరో గడ్డి మందుదీ ఇదే కథ. పైగా గ్లైఫోసేట్‌కు రంగు లేదు, సొంత మెరుపు లేదు, కాబట్టి మామూలు కాంతి పరికరాల కంటికి ఆనదు. దానికి ఒక మెరిసే రసాయనాన్ని తగిలించి చూడాలి, లేదా నీటి మందుల కోసమే తయారైన పద్ధతిలో సారం తీసి, అణువులను విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో పెట్టాలి. ఆ యంత్రాల ధర కోట్లలో ఉంటుంది. నడపడానికి శిక్షణ ఉన్న మనుషులు కావాలి. నమూనా పంపాక ఫలితం కోసం రోజుల తరబడి చూడాలి.

ఈ ఖాళీలోకే వెలిగే నానో కణాలు వచ్చాయి.

వీటిలో బాగా తెలిసినవి క్వాంటమ్ డాట్స్. 2023 రసాయన నోబెల్ బహుమతి వీటి మీద పనిచేసిన మౌంగి బావెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకే వచ్చింది. కణం చిన్నదైతే నీలం, కాస్త పెద్దదైతే ఎరుపు: పదార్థం మారకుండానే పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. కానీ మంచి క్వాంటమ్ డాట్స్‌లో చాలావాటిలో కాడ్మియం ఉంటుంది. ఆహారంలో విషం వెతకడానికి మరో విషాన్ని వాడి, దాన్ని మళ్లీ జాగ్రత్తగా పారేయాల్సి రావడం ఇబ్బందే. అందుకే గత పదిహేనేళ్లుగా పరిశోధకుల చూపు కార్బన్ డాట్స్ మీదకు మళ్లింది. 2004లో అమెరికాలో కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేస్తుంటే అనుకోకుండా మెరిసే ముక్కలు బయటపడ్డాయి. 2006లో వాటికి ఈ పేరు స్థిరపడింది.

వీటి తయారీ ఎంత తేలికంటే, ఒక మామూలు కాలేజీ ప్రయోగశాల చాలు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, దానితో పాటు యూరియానో మరో నత్రజని పదార్థాన్నో నీళ్లలో కలిపి, టెఫ్లాన్ తొడుగున్న ఉక్కు పాత్రలో బిగించి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. మూత తీస్తే ఆవిరి వాసనతో గోధుమ రంగు ద్రవం కనిపిస్తుంది, డికాషన్‌ను బాగా పలచన చేసినట్టు. చూడ్డానికి ఏమీ ఉండదు. దాన్ని వడగట్టి, పలచన చేసి, దొంగ నోట్లు పట్టుకోవడానికి వాడే అతినీలలోహిత టార్చ్ కింద పెడితే గది చీకట్లో నిండు నీలంగా వెలుగుతుంది. ఒక్కో కణం పది నానోమీటర్ల లోపే. వెంట్రుక మందంలో వేల కణాలు పక్కపక్కనే పడతాయి.

కణం వెలగడం సరే, దానికి గ్లైఫోసేట్‌ను గుర్తుపట్టే తెలివి ఎక్కడిది? నిజానికి ఈ కణానికి గ్లైఫోసేట్ అంటే ఏమిటో తెలియదు. ఇక్కడే ఈ విషయంలోని అసలు కిటుకు ఉంది, అసలు చిక్కూ ఉంది.

గ్లైఫోసేట్ కలుపు మందుగా పుట్టలేదు. 1950లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ మార్టిన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మొదట తయారుచేసినప్పుడు దాంతో ఏం పనో ఎవరికీ తోచలేదు. 1964లో స్టాఫర్ కంపెనీ దాన్ని లోహాలను పట్టుకునే రసాయనంగా పేటెంట్ చేసింది. మొక్కలను చంపుతుందని 1970లో మోన్‌శాంటోలో జాన్ ఫ్రాంజ్ కనిపెట్టాక, 1974లో రౌండప్‌గా బజారుకొచ్చింది. ఆ పాత గుణం మాత్రం ఎక్కడికీ పోలేదు. నీళ్లలో రాగి అయాన్ కనిపిస్తే గ్లైఫోసేట్ దాన్ని ఎండ్రకాయ డెక్కలతో పట్టినట్టు పట్టేస్తుంది.

సెన్సర్ చేసేవాళ్లు దీన్నే వాడుకున్నారు. మెరుస్తున్న కార్బన్ డాట్స్‌లో కొంచెం రాగి ఉప్పు వేస్తారు. రాగి కణం ఉపరితలం మీద కూర్చుని వెలుగును ఆర్పేస్తుంది. ఇప్పుడు నమూనా కలుపుతారు. అందులో గ్లైఫోసేట్ ఉంటే అది రాగిని కణం మీద నుంచి లాగేసుకుంటుంది, దీపం మళ్లీ వెలుగుతుంది. ఎంత ఎక్కువ మందు ఉంటే అంత ఎక్కువ వెలుగు. నిమిషాల్లో తేలుతుంది, ఖర్చు రూపాయల్లో ఉంటుంది. శుద్ధమైన నీళ్లలో ఈ ప్రయోగం చక్కగా పనిచేస్తుంది.

పప్పులో పనిచేస్తుందా అన్నది ఒకసారి లెక్క వేసి చూడాలి. 10 గ్రాముల పప్పు పిండిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి సారం తీశారనుకుందాం. పప్పులో సరిగ్గా కోడెక్స్ పరిమితి దగ్గర, కిలోకు 5 మిల్లీగ్రాముల గ్లైఫోసేట్ ఉంటే, మొత్తం కరిగినా ఆ నీళ్లలో దాని గాఢత లీటరుకు అర మిల్లీగ్రాము. అణుభారం 169 కాబట్టి సుమారు 3 మైక్రోమోలార్ (అణువుల సంఖ్యను బట్టి గాఢతను చెప్పే కొలత ఇది; నానోమోలార్ అందులో వెయ్యో వంతు). ఈ స్థాయి కార్బన్ డాట్‌కు కష్టమేమీ కాదు. అదే 0.01 పరిమితి అయితే గాఢత 6 నానోమోలార్‌కు పడిపోతుంది. 50 నానోమోలార్ దాకా చూడగల సెన్సర్ మొదటి పనికి హాయిగా సరిపోతుంది, రెండో పనికి గుడ్డిదే. అందుకే ‘అతి సూక్ష్మ స్థాయిలో గుర్తిస్తుంది’ అన్న ఒక్క మాటకు విలువ లేదు. ఏ పరిమితితో పోల్చి అంటున్నారన్నది పక్కనే ఉండాలి.

సూక్ష్మత కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పప్పు ధాన్యాల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. గింజ తనకు కావాల్సిన భాస్వరాన్ని దాచుకునే రూపం అది. పప్పులు తింటే ఇనుము, జింకు ఒంటికి పూర్తిగా పట్టవని పోషకాహార నిపుణులు చెప్పేది దీని వల్లే, ఎందుకంటే ఇది లోహాలను పట్టుకుంటుంది. రాగిని కూడా. పప్పు బరువులో అది సుమారు ఒక శాతం అనుకుంటే, పైన చెప్పిన 100 మిల్లీలీటర్లలో అంతా కరిగినప్పుడు దాని గాఢత 1500 మైక్రోమోలార్. గ్లైఫోసేట్ 3, ఫైటిక్ ఆమ్లం 1500. పదో వంతే కరిగిందనుకున్నా 50 రెట్లు ఎక్కువ. పైగా పప్పు సారంలో ప్రోటీన్ ముక్కలు, హిస్టిడిన్, సిస్టీన్ లాంటి అమైనో ఆమ్లాలు ఉంటాయి. అవన్నీ రాగి కోసం చేయి చాచేవే.

అంటే మందు చుక్క కూడా పడని సేంద్రియ కందిపప్పు పోసినా దీపం వెలుగుతుంది. ఈ సెన్సర్ కొలుస్తున్నది గ్లైఫోసేట్‌ను కాదు, కణం మీద నుంచి రాగి ఎంత పోయిందన్న దాన్ని. శుద్ధమైన నీళ్లలో ఈ రెండూ ఒకటే. పప్పు నీళ్లలో ఒకటి కాదు. ఈ తేడాను పట్టించుకోకుండా పప్పు పరీక్షకు సిద్ధమని చెప్పే ఏ సెన్సర్‌నైనా అనుమానంతోనే చూడాలి.

దీనికి ఎదురు దిక్కున మరో తప్పు పొంచి ఉంటుంది. ఆహార సారాలకు రంగు ఉంటుంది. కణాన్ని వెలిగించడానికి వేసే అతినీలలోహిత కాంతిని ఆ రంగు ముందే తాగేస్తుంది. కణం నుంచి వచ్చే నీలి వెలుగును కూడా కొంత మింగుతుంది. రసాయనం ఏమీ జరగకపోయినా వెలుగు తగ్గుతుంది. మందు ఉంటే ఆరిపోయే రకం సెన్సర్ అయితే, ఈ రంగు వల్ల లేని మందు ఉన్నట్టు చూపిస్తుంది. మందు ఉంటే వెలిగే రకం అయితే, ఉన్న మందును దాచేస్తుంది. తినేవాళ్ల వైపు నుంచి చూస్తే రెండో తప్పే ప్రమాదం. పప్పు సారంలో ఫైటిక్ ఆమ్లం వెలుగును పెంచుతూ, రంగు దాన్ని తగ్గిస్తూ, రెండూ కలిసి అంకె మామూలుగానే కనిపించేలా చేయొచ్చు. అలా వచ్చిన ‘సరైన’ ఫలితాన్ని నమ్మడం మరీ ఘోరం.

పసుపు అయితే ఇంకో రకం తలనొప్పి. అందులోని కర్‌క్యుమిన్ తనంతట తానే పసుపుపచ్చగా మెరుస్తుంది. ఆకుకూరల్లోని పత్రహరితం ఎర్రగా మెరుస్తుంది. వెలిగే దాన్ని వెలిగే గుంపులో వెతకడం ఎలా? దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. కొన్ని ప్రత్యేక నానో కణాలు 980 నానోమీటర్ల పరారుణ కాంతిని తీసుకుని కంటికి కనిపించే వెలుగును ఇస్తాయి. మామూలు పదార్థాలు అలా చేయలేవు. అందువల్ల పరారుణ కాంతి వేసినప్పుడు పసుపు, ఆకు రెండూ చీకట్లోనే ఉంటాయి, సెన్సర్ ఒక్కటే వెలుగుతుంది. అయితే ఈ కణాలను చేయడం నిమ్మ ఉప్పును ఓవెన్‌లో పెట్టినంత సులభం కాదు. వాటికి అరుదైన లోహాలు కావాలి, వెలుగు కూడా తక్కువే.

మరి కణానికి గ్లైఫోసేట్‌ను నిజంగా గుర్తుపట్టడం నేర్పించలేమా? నేర్పించే దారులు ఉన్నాయి. ఒకటి యాంటీబాడీ, అంటే ఫలానా అణువునే పట్టుకునే ప్రోటీన్. అట్రజిన్, 2,4-డి లాంటి కలుపు మందులకు ఇది ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. గ్లైఫోసేట్ మరీ చిన్న అణువు కావడంతో దానికి మంచి యాంటీబాడీ తయారుచేయడం కష్టమైన పని. రెండోది ఆప్టమర్, అంటే లక్షల కోట్ల రకాల పొట్టి డీఎన్‌ఏ పోగుల్లోంచి ఆ ఒక్క అణువుకే అతుక్కునే పోగును వడపోసి తీయడం. మూడోది అచ్చు పద్ధతి. మెరిసే కణం చుట్టూ పాలిమర్ పొర పోస్తున్నప్పుడే అందులో గ్లైఫోసేట్ అణువులను కలుపుతారు. పొర గట్టిపడ్డాక వాటిని కడిగేస్తారు. మిగిలిన గుంతలు ఆ అణువు ఆకారంలోనే ఉంటాయి, కజ్జికాయ అచ్చులో కజ్జికాయే సరిగ్గా పట్టినట్టు. ఈ మూడింటిలో వేడికి, ఆమ్లానికి తట్టుకుని, చవకగా నిలిచేది అచ్చు పద్ధతే. అందులోనూ ఒక లోపం ఉంది. కడగడం పూర్తికాకపోతే అచ్చు పోయడానికి వాడిన మందే తర్వాత మెల్లగా బయటికి కారుతుంది, సెన్సర్ తన విషాన్ని తానే పట్టుకుంటుంది. దీన్ని తప్పించడానికి అసలు మందును పోలిన మరో అణువుతో అచ్చు పోస్తారు.

పారాక్వాట్ విషయంలో రసాయనం ఇంకోలా నడుస్తుంది. మన పల్లెల్లో గడ్డి మందు అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. కోస్తాలో వరి కోశాక దుక్కి దున్నకుండా మొక్కజొన్న వేసే పొలాల్లో పారాక్వాట్, అట్రజిన్ కలిపి కొడతారు. దీనికి విరుగుడు లేదు. కేరళ 2011లోనే నిషేధించింది, ఐరోపాలో 2007 నుంచి లేదు. దీని అణువుకు రెండు ధన విద్యుదావేశాలుంటాయి. కార్బన్ డాట్ ఒంటి మీద రుణావేశం ఉంటే రెండూ అతుక్కుంటాయి. కాంతి పడి ఉత్తేజితమైన కణం నుంచి పారాక్వాట్ ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది, వెలుగు ఆరిపోతుంది. ఇక్కడ రాగి మధ్యవర్తిత్వం లేదు, అది మంచిదే. కానీ ఈ అతుకు విద్యుత్ ఆకర్షణ మీదే నిలబడింది కాబట్టి నమూనాలో ఉప్పు పెరిగితే పట్టు సడలుతుంది.

పారాక్వాట్ లోపలికి పోయిన మనిషి ఆసుపత్రికి వస్తే మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపి చూస్తారు. నీలం రంగు వస్తే విషం ఖాయం. ఏ నానో కణమూ లేకుండా, ఏళ్ల తరబడి ప్రాణాల మీదికొచ్చిన వేళ డాక్టర్లకు దారి చూపిస్తున్న పరీక్ష ఇది. అక్కడ మందు మోతాదు చాలా ఎక్కువ, అందుకే అంత సాదా పరీక్ష చాలింది. గింజలో మిగిలే అవశేషం దానితో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. నానో కణం అవసరం పుట్టింది అక్కడే.

తెలుగు రాష్ట్రాలకు గ్లైఫోసేట్‌తో ఉన్న సంబంధం ప్రధానంగా పత్తి దారిలో వచ్చింది. కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాలు పాకడంతో 2018లో రెండు ప్రభుత్వాలూ గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని లైసెన్సు ఉన్న చీడ నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. పత్తి గింజ నుంచి నూనె తీస్తారు కదా అని భయపడేవాళ్లున్నారు. గ్లైఫోసేట్ నూనెలో కరగదు, కాబట్టి మిగిలితే గింజ చెక్కలో మిగలాలి. అది పశువుల దాణా. వెతకాల్సింది అక్కడ, కానీ చెక్కలోనూ ఫైటిక్ ఆమ్లం దండిగానే ఉంటుంది, రంగూ ముదురే.

ఇంతకీ ఈ మందు అవశేషం ఎంత ప్రమాదం? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో పెట్టింది. అదే ఏడాది ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ అవకాశం లేనట్టేనంది. 2023లో ఐరోపా మరో పదేళ్లకు అనుమతించింది. ఆ వాదన ఎటు తేలినా, తినే దాంట్లో ఎంత ఉందో తెలియడం అందరికీ అవసరమే.

సెన్సర్లు ముందుగా నిలదొక్కుకునేది బహుశా తాగునీటిలో. నీళ్లలో ఫైటిక్ ఆమ్లం లేదు, పసుపు లేదు. అక్కడా పరిమితే తీర్పరి. అమెరికాలో తాగునీటిలో లీటరుకు 700 మైక్రోగ్రాముల గ్లైఫోసేట్ వరకు చట్టం ఒప్పుకుంటుంది, అంటే 4 మైక్రోమోలార్‌కు పైనే. ఐరోపాలో ఏ పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు. ఒకే సెన్సర్ ఒక ఖండంలో చక్కటి పరికరం, మరో ఖండంలో ఎందుకూ కొరగాదు.

ఫోన్ కెమెరాతో చదివే కాగితం పట్టీల గురించి ఈ మధ్య ఎక్కువ వినిపిస్తోంది. ఆలోచన మంచిదే, కానీ ఫోన్ కెమెరా ఫొటో బాగా రావాలని తనంతట తానే వెలుగును, రంగును సవరిస్తుంది. మసక నీలాన్ని ఎక్కించి చూపిస్తుంది. పట్టీని చీకటి డబ్బాలో పెట్టి, కెమెరా సెట్టింగులు బిగించి, పక్కనే తెలిసిన గాఢత ఉన్న మచ్చను పెట్టి రెండింటినీ ఒకే ఫొటోలో తీస్తేనే అంకెకు అర్థం ఉంటుంది. రెండు రంగుల సెన్సర్లు ఇందుకు మెరుగు. ఒక రంగు మారకుండా నిలబడుతుంది, రెండోది మందును బట్టి మారుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే టార్చ్ బ్యాటరీ తగ్గినా లెక్క పెద్దగా చెడదు.

ఒక కిట్ నిజంగా పప్పుకు పనికొస్తుందో లేదో తేల్చడానికి అడగాల్సినవి కొన్నే. మందు లేదని యంత్రంతో ఖాయం చేసిన కంది, పెసర, మినుము, మసూర్ నమూనాల్లో అది ఎంత వెలిగింది? ఫైటిక్ ఆమ్లాన్ని ముందే తీసేశారా, తీస్తే గ్లైఫోసేట్ కూడా దానితో పోయిందా? మందు కలిపిన నమూనాలో కలిపినదాంట్లో ఎంత తిరిగి కనిపించింది? ఐరోపా ప్రయోగశాలల నియమాల్లో ఇది సగటున 70 నుంచి 120 శాతం మధ్య ఉండాలి. అనుమానమున్న వాటిని ముందుగా ఏరే వడపోత పరీక్ష అయితే మందున్న వంద నమూనాల్లో ఐదుకు మించి తప్పించుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చేనులో మందు కొట్టగా పండిన గింజతో చూశారా, లేక పిండిలో పైన చల్లి చూశారా? చల్లిన మందు కడిగితే వచ్చేస్తుంది. మొక్క పీల్చుకుని గింజలోకి పంపినది అంత సులభంగా రాదు.

ఈ ప్రశ్నలన్నీ దాటిన కిట్ వస్తే దాని స్థానం రేవులో, గోదాముల్లో. ఒక ఓడ సరుకు నుంచి ఇప్పుడు కొద్ది నమూనాలే ప్రయోగశాలకు వెళ్తాయి. మందు అన్ని బస్తాల్లో ఒకేలా ఉండదు కాబట్టి ఆ కొద్దిలో అసలు బస్తా రాకపోవచ్చు. రూపాయల్లో అయ్యే పరీక్ష చేతిలో ఉంటే వంద బస్తాలను అక్కడికక్కడే చూడొచ్చు. అనుమానం వచ్చిన నాలుగైదింటిని మాత్రం సీలు వేసి ఎల్‌సీ-ఎంఎస్‌కు పంపొచ్చు. సరుకు ఆపాలా, వదలాలా అన్న సంతకం మాత్రం ఆ యంత్రం ఇచ్చిన కాగితం మీదే పడాలి.